ఎర్తు వైరు

శనివారం పొద్దున్న యాంప్లిఫయరు పోలీసు బండిలో తిరిగొచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు దాన్ని నాలుగంతస్తులూ మోసుకొచ్చి, డాబా మీద మిలూద్ గది గుమ్మంలో దించారు. వాళ్ళలో ఒకడు ఎర్రబడ్డ అరచేతుల్ని చూసుకుని గోడకేసి రుద్దుకున్నాడు. వాళ్ళ వెనకాల ఇన్‌స్పెక్టర్ సహ్రావీ ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కి వచ్చాడు.

"ఈ మెట్లు నిన్ను ఇంతకాలం ఎలా బతకనిచ్చాయి బాబాయ్?"

"నేను సిగరెట్లు మానేశాను."

"అయితే ముందు పోయేది నేనేనన్నమాట," అని నవ్వబోయి, మాట ఎటు పోతోందో తెలిసి సహ్రావీ నోరు మూసుకున్నాడు. పాటగాడు బూసిఫ్‌ని మట్టిచేసి అప్పటికి ఒక్క రోజే అయింది. గోరీ మీద మూడు పిడికిళ్ళ మట్టి వేసినవాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు.

ఆ గది ఒకప్పుడు ఆ భవనంలో ఆడవాళ్ళంతా బట్టలు ఉతుక్కునే గది. రాతి తొట్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక తొట్టి నిండా పాత రేడియోల వాల్వులు, ఇంకోదాన్లో మూతబడ్డ సినిమా హాళ్ళ స్పీకర్లు. మిలూద్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైనవాడు. అది పొట్టకూటి పని, ఇది సరదా. బెల్ అబ్బెస్ ఊరి పెళ్ళిళ్ళలో వాయించే గిటారు యాంపుల్లో సగం ఈ గదిలో పుట్టినవి, మిగతా సగం వేరేచోట చచ్చి ఈ గదిలో లేచి కూర్చున్నవి. ఎంతివ్వాలని ఎవరైనా అడిగితే మనిషికి కోపం వచ్చేది.

"నీకు తెలియంది కాదు," అన్నాడు సహ్రావీ, బోర్లించిన బకెట్ మీద కూర్చుంటూ. "గురువారం ఫంక్షన్ హాల్లో ఏడెనిమిది వందల మంది చూశారు. కుర్రాడు గిటారు పట్టుకుని పాడుతూ మైకుకి పెదాలు ఆనించాడు. అంతే. గిటారు వదలడు, మైకు వదలడు. జనం అదీ పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారట. హాలు ఎలక్ట్రీషియన్ ఉన్నాడే, జిలాలీ, వాడే పరిగెత్తి మెయిను దించాడు. దించాక ఏం లాభం."

"జిలాలీ ఇప్పుడెక్కడ?"

"నా దగ్గర. ఇంకెక్కడుంటాడు? వైరింగు వాడిదే. హాలు ఓనరు హాజీ మఖ్తార్ కూడా అదే రాసిచ్చాడు. కోర్టువాళ్ళ నిపుణుడు వహ్రాన్ నుంచి రావాలంటే నెల పడుతుంది. అంతదాకా కాగితం లేకుండా ప్రాసిక్యూటర్ నన్ను బతకనివ్వడు. నువ్వు పెట్టె చూడు, హాలు చూడు, నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు. పెట్టెలో తప్పేమీ ఉండదని నాకు తెలుసు, నీ చేతి పని కదా. అయినా చూశాననిపించు."

"చూస్తాను," అన్నాడు మిలూద్.

వాళ్ళు దిగిపోయాక గది తలుపు దగ్గరికి వేసి, కళ్ళజోడు తుడుచుకుని, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. నల్ల రెక్సిను అంటించింది తనే. ఒక మూల చిరిగి, చెక్క తెల్లగా కనిపిస్తోంది; ఎవరో గురువారం కంగారులో తన్నుంటారు. ప్లగ్గు మూడు కాళ్ళదే. మీటరు తీసి ఒక ముల్లు ప్లగ్గు ఎర్తు కాలికీ, ఇంకో ముల్లు ఇనప చట్రానికీ ఆనించాడు. తీగ బాగుంటే మీటరు కూయాలి. కూయలేదు. ముళ్ళు ఒకదానికొకటి ఆనించి చూశాడు. మీటరు బాగానే కూసింది. మళ్ళీ ప్లగ్గుకీ చట్రానికీ పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు.

వెనక పలక మరలు ఎనిమిది. ఒక్కొక్కటీ విప్పి టీ గ్లాసులో వేశాడు. లోపల చెయ్యి పెట్టే ముందు అలవాటు ప్రకారం ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో దోపుకున్నాడు. రెండో చెయ్యి బయట ఉంటే అది ఎక్కడో ఒకచోట ఆనుతుంది, కరెంటు గుండె మీదుగా దారి వెతుక్కుంటుంది. ఆ పాఠం ఈ గదికి వచ్చిన ప్రతి గిటారువాడికీ చెప్పాడు, బూసిఫ్‌కీ చెప్పాడు. కానీ గిటారు వాయించేవాడు ఒక చెయ్యి జేబులో పెట్టుకుని ఎలా వాయిస్తాడు?

స్క్రూడ్రైవరుతో కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దించేసి, టార్చి వేసి చూశాడు. ట్రాన్స్‌ఫార్మరు పక్కనుంచి పోయే మెయిను వైరు వేడికి తోలు మెత్తబడి, మూల దగ్గర ఒరుసుకుపోయి ఉంది. గోరంత రాగి చట్రానికి తగులుతోంది. పాత సరుకు, ఎవరి తప్పూ కాదు. ఇలాంటప్పుడు జరగాల్సిందేమిటంటే, కరెంటు ఎర్తు వైరు పట్టుకుని నేలలోకి పోతుంది, ఫ్యూజు ఎగురుతుంది, పాట మధ్యలో ఆగుతుంది, బూసిఫ్ స్టేజి మీద నిలబడి "మిలూద్ బాబాయ్ ముసలాడైపోయాడు" అని నాలుగు తిట్లు తిట్టుకుంటాడు. అంతకంటే ఏమీ కాకూడదు.

ఎర్తు వైరు ప్లగ్గు నుంచి లోపలిదాకా వచ్చింది. చట్రం దగ్గర తెగి ఉంది. తెగలేదు, ఎవరో తెంపారు. కొస వెనక్కి మడిచి, రబ్బరు తొడుగు వేసి, మైనం రాసిన దారంతో మూడు చుట్లు చుట్టి కట్టారు. ఆ దారం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో తీగల కట్టలు కట్టే దారం. ఆ ముడి వెయ్యడం నేర్చుకోడానికి ట్రైనింగులో మిలూద్‌కి ఆరు వారాలు పట్టింది. ఊళ్ళో ఇప్పుడు ఆ ముడి వేసేవాడు ఒక్కడే ఉన్నాడు.

మిలూద్ టార్చి ఆర్పి, నేల మీదే కూర్చుండిపోయాడు.

మూడు వారాల కిందట. బూసిఫ్ మెట్లన్నీ ఈలవేసుకుంటూ ఎక్కి వచ్చాడు, పెట్టె భుజాన వేసుకుని. "బాబాయ్, ఆ హాజీ హాల్లో గుయ్‌మని ఒకటే మోత. నేను పాడుతున్నానో తేనెటీగలు పాడుతున్నాయో పెళ్ళికొడుక్కి తెలియట్లేదు." మోత ఎందుకొస్తుందో మిలూద్‌కి వినకుండానే తెలుసు. యాంపుకీ మైకు సెట్టుకీ రెండింటికీ ఎర్తు ఉంటే ఆ రెండు దారుల మధ్యా కరెంటు తిరుగుతుంది. సరైన మందు ఇంకో చిన్న ట్రాన్స్‌ఫార్మరు చుట్టి మధ్యలో పెట్టడం. దానికి రెండు రోజులు కావాలి. దొంగమందు ఒక్క నిమిషం పని. ఎర్తు తెంపేస్తే మోత ఆగిపోతుంది. గిటారువాళ్ళలో ఆ పని చెయ్యనివాడు లేడు. మిలూద్ మాత్రం చెయ్యడని పేరు. అలా తెంపిన యాంపు ఎవడైనా తెస్తే, మెట్ల మీదే నిలబెట్టి వాడి ఏడు తరాల్నీ కడిగేవాడు.

కానీ ఆ రోజు సాయంత్రమే కుర్రాడికి పెళ్ళి కచేరీ ఉంది. "ఈ ఒక్క వారం, నా బంగారు బాబాయ్," అని గడ్డం పట్టుకున్నాడు. మిలూద్ ఒక్క వారమే అనుకున్నాడు. వచ్చే శుక్రవారం తెచ్చెయ్, సరిగ్గా చేస్తానన్నాడు. శుక్రవారం వాడు రాలేదు. మిలూద్ కబురు పంపలేదు. గుర్తు లేదు. మర్చిపోయాడు. అంతే, ఒక మనిషి ప్రాణం గురించి చెప్పుకోవడానికి అతని దగ్గరున్నది ఆ ఒక్క మాటే.

లేచి సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టాడు. దారం కోసి, తొడుగు లాగి, తీగ కొస చట్రానికి అతికితే సరి. రెండు నిమిషాలు. ఐరన్ కాలింది. చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎర్తు అతికితే మరి ఆ ఒరుసుకుపోయిన వైరు? అప్పుడు ఫ్యూజు ఎగరాలి కదా, ఎందుకు ఎగరలేదని అడుగుతాడు వహ్రాన్ నుంచి వచ్చేవాడు. అయితే ఆ వైరూ మార్చాలి. మారిస్తే కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? హాలు నుంచి. అంటే జిలాలీ నుంచి. ఒకచోట కలిపితే ఇంకోచోట తెంపాలి, అబద్ధానికీ ఒక సర్క్యూటు ఉంది, అది అతనికి గీయడం రాదు.

భార్య ఖీరా తలుపు తోసుకుని వచ్చింది. మూడో రోజు పెట్టే కుస్‌కుస్ భోజనానికి చావింట్లో చెయ్యి సాయం చేసి అటునుంచే వస్తోంది. మోచేతులదాకా పిండి.

"ఐరన్ కాలుతోంది, టంకం వాసన లేదు. ఏం చేస్తున్నావు?"

"ఆలోచిస్తున్నాను."

"కరెంటు తగలేస్తూ ఆలోచించకపోతేనేం?" ఆమే వెళ్ళి ప్లగ్గు పీకింది. "ఫాత్నా నిన్ను తలుచుకుని దీవిస్తోంది. నా కొడుకుని చంపినవాణ్ణి మిలూద్ పట్టిస్తాడు, ఆయనకి తెలియని తీగ లేదు అంటోంది. అందరి ముందూ అంది. కళ్ళు ఎండిపోయాయి ఆ మనిషికి, ఇంక ఏడుపు కూడా రావట్లేదు." పెట్టె వైపు చూసింది. "ఇందులో ఏమైనా ఉందా?"

"చూడాలి," అన్నాడు, చూసినవాడు.

పలక బిగించాడు. గ్లాసులోంచి ఎనిమిది మరలూ తీసి ఎనిమిదీ బిగించాడు.

ఆదివారం హాలుకి వెళ్ళాడు. గురువారం నాటి కాగితం పూలు ఇంకా స్టేజి మీదే వేలాడుతున్నాయి. హాజీ మఖ్తార్ తెల్ల జుబ్బాలో ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. భారీ మనిషి, మెత్తటి గొంతు.

"మొత్తం వాడి నిర్వాకమే మిలూద్ భాయ్. ఎలక్ట్రీషియన్ని పెట్టుకున్నాం, నమ్మాం. నేను వ్యాపారస్తుణ్ణి, నాకు ఎర్ర తీగకీ నీలం తీగకీ తేడా తెలుసా?"

"బోర్డు చూపించు హాజీ."

వంటగది వెనక ఇనప బీరువా లాంటి బోర్డు. మిలూద్ తలుపు తీసి, పై వరస నుంచి కిందిదాకా ఒక్కో తీగా చూసుకుంటూ వచ్చాడు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి మూసేశాక ఇలాంటి పని అతను చూడలేదు. ప్రతి తీగకీ ఒక నంబరు, ప్రతి నంబరుకీ తలుపు మీద ఒక పేరు, గుండ్రటి అక్షరాలతో: స్టేజి కుడి, స్టేజి ఎడమ, పెళ్ళికూతురి గది, ఫ్రీజరు. తీగలు మలుపు తిరిగిన చోట కొలబద్ద పెట్టి వంచినట్టున్నాయి. ఎర్తు పట్టీ బిగువు చూశాడు, మీటరు పెట్టి చూశాడు. రెండో మాట లేదు. జిలాలీ ఎర్తు అంత బాగుంది కాబట్టే మైకు అంత గట్టిగా నేలకి కట్టుబడి ఉంది. అది అంత గట్టిగా ఉండబట్టే గిటారు తీగల్లోంచి వచ్చిన కరెంటు బూసిఫ్ ఒంట్లోంచి అంత తేలిగ్గా దిగిపోయింది.

వరసలో ఒకచోట మాత్రం ఖాళీ. ట్రిప్ స్విచ్చి ఉండాల్సిన చోటు. మనిషికి షాక్ కొట్టిన క్షణంలోనే దానంతట అది పడిపోయే స్విచ్చి. దాని బదులు రెండు రాగి ముక్కలతో నేరుగా కలిపి ఉంది.

"ఇక్కడిది ఏమైంది?"

"ఏది?"

"ఇక్కడుండాల్సింది."

"ఓ, అదా? దాంతో చచ్చే చావు," అన్నాడు హాజీ. "ఫ్రీజరు ఆన్ అయితే అది ఢాం అని పడేది. సరిగ్గా పెళ్ళికూతురు లోపల అడుగుపెట్టే టైముకి హాలంతా చీకటి. ఒకావిడ నన్ను ఎన్ని మాటలందో తెలుసా? నా తల్లి కూడా అననివి అంది."

"తీసెయ్యమన్నావా?"

హాజీ జుబ్బా గుండీ సర్దుకున్నాడు. "పడకుండా చూడమన్నాను. ఎలా చూశాడో వాడి ఇష్టం."

తలుపు లోపలి పక్క, అట్టడుగున, పెన్సిలుతో రెండు లైన్లు ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుంటేగానీ కనబడవు. 'ట్రిప్ స్విచ్చి యజమాని మాట మీద తీశాను. వద్దని చెప్పాను. ఫ్రీజరుని వేరే లైను మీద వేస్తానన్నాను. జిలాలీ.' కింద తారీకు, ఏడు నెలల నాటిది. తమ పని మీద తామే సాక్ష్యం రాసుకునే అలవాటు పాతకాలం పనివాళ్ళది. మిలూద్ జేబులోంచి ఫోను తీసి రెండు ఫోటోలు తీశాడు. మోకాళ్ళ నొప్పి తెలియలేదు. లేస్తుంటే గుండెల మీంచి ఎవరో బరువు దించినంత తేలికగా ఉంది. ఆ తేలిక ఎందుకో అతనికి తెలుసు. తెలిసి సిగ్గు కూడా వేసింది. అయినా తేలికగానే ఉంది.

ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద తెల్లకాగితం పరిచి, ఖీరాకి మొత్తం చెప్పాడు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. దారం సంగతి వచ్చినప్పుడు చేతులు ఆగాయి.

"ఆ స్విచ్చి ఉండుంటే కుర్రాడు బతికేవాడా?" అని అడిగింది.

"బతికేవాడు."

"నువ్వు తీగ తెంపకపోతే?"

"అప్పుడూ బతికేవాడు."

"అయితే స్విచ్చి సంగతి రాయి. అది నిజమే కదా. జిలాలీ రాసుకున్న ముక్క ఉంది కదా. వాడు బయటికొస్తాడు. హాజీకి పెద్ద పెద్దవాళ్ళు తెలుసు, ఆయనా బయటపడతాడు. రెండోది కూడా రాశావనుకో, చివరికి లోపల మిగిలేది నువ్వొక్కడివే. ఈ వయసులో, ఆ చలి గోడల మధ్య, నీ ఆయాసంతో."

"ఫాత్నా?"

"ఫాత్నాకి కొడుకు ఎలాగూ రాడు." అన్నాక, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు ఖీరా పెదాలు కొంగుతో తుడుచుకుంది. "నాకు నువ్వు కావాలి. నేను చెడ్డదాన్నే అనుకో."

"నువ్వు చెడ్డదానివి కాదు."

"అయితే రాయి. అబద్ధం ఒక్కటి కూడా రాయకు. అన్నీ రాయకు, అంతే."

రాశాడు. అందంగా రాశాడు, ఆఫీసులో రిపోర్టులు రాసిన చెయ్యి. యాంప్లిఫయరులో మెయిను వైరు తోలు వేడికి చెడిపోయి కరెంటు చట్రానికి పాకింది. హాలు వైరింగు, ఎర్తు నిర్దోషంగా ఉన్నాయి. ప్రాణం కాపాడాల్సిన స్విచ్చిని యజమాని ఆదేశం మీద తొలగించారు, రుజువు జతచేశాను. ఎలక్ట్రీషియన్ తప్పు లేదు. నాలుగు వాక్యాల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. చదివి వినిపించాడు. ఖీరా బాగుందంది. తర్వాత ఇద్దరూ చిక్కుడుకాయల కూర తిన్నారు. ఆమె అతని మొహంకేసి చూడలేదు, ఉప్పు సరిపోయిందా అని అడగలేదు. రోజూ అడిగేది.

సోమవారం పదింటికి పోలీసు స్టేషన్లో సహ్రావీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఫోటోలు చూసి ఈల వేశాడు.

"హాజీ గారికి ఇవాళ మధ్యాహ్నం నిద్ర పట్టదు. శభాష్ బాబాయ్. ఇది చాలు, జిలాలీని ఇప్పుడే వదిలేస్తాను. వాడి పెళ్ళాం మూడు రోజుల్నుంచి గేటు దగ్గరే కూర్చుంది, దాహానికి నీళ్ళిచ్చినా తీసుకోదు." కానిస్టేబుల్ని పిలిచి వాణ్ణి తీసుకురమ్మన్నాడు. కాఫీ తెప్పించాడు. మిలూద్ కప్పు పట్టుకున్నాడుగానీ తాగలేదు. ఇంకో ఐదు నిమిషాల్లో ఇది అయిపోతుంది. ఇంటికెళ్ళి ఆ తొట్లలో ఉన్నదంతా పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను, ఇంకెప్పుడూ ఐరన్ ముట్టుకోను అనుకున్నాడు. దేవుడికి అలా ఏదో ఇస్తే ఏదో మాఫ్ అవుతుందన్నట్టు అనుకున్నాడు.

"ఒక సంగతి చెప్తాను, నవ్వొస్తుంది," అన్నాడు సహ్రావీ. "శుక్రవారం పట్టుకురాగానే ఈ జిలాలీ ఏమన్నాడో తెలుసా? ఆ రాత్రి యాంపు ఎర్తు మీటరు పెట్టి చూశాను, తెగి ఉంది, లోపల ఎవరో తెంపారు అన్నాడు. ఎవరు కట్టారో తెలుసా ఆ పెట్టె అన్నాను. తెలుసు, మిలూద్ బాబాయ్, అయినా తెగే ఉంది అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎర్తు తెంపుకొచ్చినవాణ్ణి మెట్ల మీద నుంచి తరిమే మనిషి మీద చెప్తావురా అని రెండు పీకాను. ఇంకోసారి అడిగితే మళ్ళీ అదే. ఇంకో రెండు. ఆ తర్వాత నోరు మూసుకున్నాడు."

మిలూద్ కప్పు బల్ల మీద పెట్టాడు. కాఫీ సాసరులోకి ఒలికింది.

తలుపు తీసుకుని జిలాలీ వచ్చాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి, బక్కపలచన. ఎడమ చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. బెల్టూ బూట్ల తాళ్ళూ తీసేసుకున్నారు కాబట్టి ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు. గోళ్ళ కింద నలుపు ఇంకా ఉంది. పనివాడి చెయ్యి.

"నీ అదృష్టం బాగుంది," అన్నాడు సహ్రావీ. "నువ్వు ఎవరి మీద చెప్పావో ఆ మనిషే నిన్ను బయటపడేశాడు. నీ బోర్డు భేషుగ్గా ఉందని రాశాడు. స్విచ్చి సంగతి పట్టుకున్నాడు. ఆయన స్థానంలో ఇంకొకడైతే నువ్వన్న మాటకి నిన్ను అక్కడే కుళ్ళనిచ్చేవాడు. రా, బాబాయ్ తల ముద్దుపెట్టుకో. తప్పైపోయింది, మనసులో పెట్టుకోవద్దని అడుగు. అడిగి ఇంటికి పో."

జిలాలీ కదల్లేదు. ఇన్‌స్పెక్టరుకేసి చూసి, గుమ్మంలో ఉన్న కానిస్టేబులుకేసి చూసి, చివరికి మిలూద్ మొహంకేసి చూశాడు. కోపంగా చూడలేదు. బోర్డులో ఏ తీగ ఎక్కడికి పోతోందో వెతికేవాడి చూపు అది. ఒక్క క్షణంలో వాడికి దొరికింది. దొరికిన సంగతి మిలూద్‌కీ తెలిసింది.

"త్వరగా కానీ, నీ పెళ్ళాం గేటు దగ్గర ఎండలో ఉంది," అన్నాడు సహ్రావీ.

భార్య మాట వినగానే జిలాలీ ముందుకొచ్చాడు. ప్యాంటు ఒక చేత్తో పట్టుకునే, కుర్చీలో ఉన్న ముసలాయన ముందు వంగాడు. "తప్పైపోయింది బాబాయ్," అన్నాడు గొంతులో ఏమీ లేకుండా. మూడు రోజుల చెమట వాసన వచ్చింది. వాడి పెదాలు ఇంకో జానెడు దూరంలో ఉన్నాయి.

మిలూద్ లేచాడు. లేవడంలో మోకాలు బల్లకి కొట్టుకుంది, కప్పు దొర్లింది. రెండు చేతులతోనూ జిలాలీ తల పట్టుకుని, వాడు వెనక్కి లాక్కునేలోపే, వాడి తల మీద ముద్దు పెట్టుకున్నాడు.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాడు సహ్రావీ. "నువ్వెందుకు?"

"వాడు చెప్పింది నిజం. ఎర్తు తెగే ఉంది. తెంపింది నేను."

సహ్రావీ తలుపు మూయమని కానిస్టేబులుకి సైగ చేశాడు.

"వాడి చెంప చూసి జాలిపడి అంటున్నావు. నీ మనసు నాకు తెలుసు. ఇంటికెళ్ళి పడుకో బాబాయ్, రేపు మాట్లాడదాం."

"జాలి కాదు. ఆ కాగితం ఇలా ఇవ్వు. దాన్లో ఉన్నవన్నీ నిజాలే, ఒకటి తక్కువ. అది నేను రాయలేదు."

"అది రాస్తే ఈ కాగితం మీద నీ పేరు నిపుణుడని ఉండదు. ఏమని ఉంటుందో తెలుసా?"

"తెలుసు. పెన్ను ఇవ్వు."

సహ్రావీ పెన్ను ఇవ్వలేదు. అతను జిలాలీ చెంపకేసి చూస్తున్నాడు, ఆ వాపుని ఇప్పుడే మొదటిసారి చూసినట్టు. తర్వాత తన కుడి చేతిని బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మిలూద్ తనే బల్ల మీదకి వంగి, కాఫీలో తడిసిన పెన్ను తీసుకుని చొక్కాకి తుడిచాడు. కాగితం ముందుకు లాక్కున్నాడు, మొదటి అక్షరం వంకరపోయింది. జిలాలీ అప్పుడు నోరు తెరిచాడు.

"పెట్టె ఎప్పుడు విప్పావు బాబాయ్?"

మిలూద్ తల ఎత్తలేదు. "శనివారం. పొద్దున."

"ఇవాళ సోమవారం," అన్నాడు జిలాలీ.

అని, అరచేత్తో తల మీద తడిని తుడుచుకుని, జారిపోతున్న ప్యాంటు పైకి లాక్కుని, తన బెల్టు ఎక్కడ పెట్టారని కానిస్టేబుల్ని అడిగాడు.